చివరి రోజు నా కోసం ఆగిపోయిన స్నేహితురాలికి శనివారం దర్శనం తప్పింది, నేనేం చేయాలి?

మదనపల్లె నడక

పెరటాసి (తమిళ నెల) మూడో శనివారం తిరుమలలో స్వామి దర్శనం చేసుకోవాలని మా వీధి నుంచి తొమ్మిది మందిమి మంగళవారం పొద్దున్నే మదనపల్లెలో బయలుదేరాం. వాయల్పాడు, కలికిరి, పీలేరు వరకు పాటలు పాడుకుంటూ హాయిగా వచ్చేశాం. తప్పు నాదే, నడకకని రెండు రోజుల ముందు కొత్త షూ కొన్నాను. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు వేళ్లు ముందుకు తోసుకుపోయి రెండు పాదాలూ బొబ్బలెక్కాయి, రంగంపేట దాటేసరికి ఎడమ కాలి బొబ్బ పగిలి సాక్సు రక్తంతో అతుక్కుపోయింది. కొండెక్కే శ్రీవారి మెట్టు నడకదారి సాయంత్రం 6కు మూసేస్తారు. అప్పటికే నాలుగైంది. మిగతా ఏడుగురినీ పొమ్మన్నాను, వాళ్లు పోయారు, నాకేం కోపం లేదు. నా స్నేహితురాలు మాత్రం కదల్లేదు. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ మాది. నేనెంత బతిమాలినా "గమ్మునుండు మే" అని నా బ్యాగ్ కూడా తనే భుజానేసుకుంది.

రోడ్డు పక్కన ఒక అవ్వ మమ్మల్ని చూసి "ఈ కాలేసుకొని యాడికి పోతావు నాయనా, ఈడ కూర్చో" అని అరుగు మీద కూర్చోబెట్టింది. గోరువెచ్చని ఉప్పునీళ్లు తెచ్చి నా పాదం తన ఒళ్లో పెట్టుకుని, సాక్సును లాగకుండా తడుపుతూ తడుపుతూ కొంచెం కొంచెంగా విడదీసింది. ఉతికి మడతపెట్టిన పాత నూలు చీర చించి కట్టు కట్టింది. రాత్రికి సంగటి, చెనక్కాయల చట్నీ పెట్టింది. పొద్దున డబ్బులిస్తే తీసుకోలేదు, "పైన అఖిలాండం కాడ నా పేరు చెప్పి ఒక టెంకాయ కొట్టు" అంది, అంతే. అఖిలాండం అంటే గుడి ఎదురుగా టెంకాయలు కొట్టే చోటు.

శనివారం మధ్యాహ్నానికి మెట్ల దగ్గరికి చేరాం. ఆ 2388 మెట్లు ఎక్కడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. టోకెన్ లేదు కాబట్టి సర్వదర్శనం క్యూలో నిలబడ్డాం, ఆదివారం తెల్లవారుజామున దర్శనమైంది. తన కొడుక్కి ఆపరేషన్ అయినప్పుడు మూడో శనివారం నడిచి వచ్చి దర్శనం చేసుకుంటానని మొక్కుకుంది నా స్నేహితురాలు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తను ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను తినేస్తోంది. మొక్కు తప్పినట్టేనా? నేను తనకు ఏం చేస్తే సరిపోతుంది?

చంద్రగిరి కోటవీధి

అక్కా, ముందు మీ కాలు ఎలా ఉంది?

మొక్కు గురించి నాకు తెలిసింది చెప్తాను. కొండకు ఇంకో నడకదారి అయిన అలిపిరి దారిలో దాదాపు చివర్న మోకాళ్ల మెట్టు వస్తుంది, దారి మొత్తంలో అక్కడే నిటారుగా ఉంటుంది. తాళ్లపాక నుంచి నడిచొచ్చిన అన్నమయ్య చిన్నపిల్లవాడిగా ఆకలితో, అలసటతో సొమ్మసిల్లి పడిపోయింది ఆ మోకాళ్ల మెట్టు దగ్గరేనని మా పెద్దవాళ్లు చెప్తారు. అప్పుడు అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువ రూపంలో వచ్చి ఒళ్లో పడుకోబెట్టుకుని, చెప్పులు తీసి ఎక్కు నాయనా అని చెప్పి, ప్రసాదం పెట్టిందట. కొండెక్కేసరికి ఆలస్యమైందని ఆ కథలో ఎవరూ అనరు, అమ్మ అన్నం పెట్టిందనే చెప్పుకుంటారు. మీ అవ్వ సంగతి చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. మీ స్నేహితురాలి మొక్కు ఎక్కడా తప్పలేదని నా నమ్మకం.

పదకొండోసారి

నేను చిత్తూరు నుంచి పూతలపట్టు, గాదంకి మీదుగా పది సార్లు నడిచాను. మళ్లీ వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నా. కొత్త షూ కనీసం నెల రోజులు వేసుకుని అలవాటు చేసుకోవాలి. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి ఒక సైజు పెద్దది కొనండి. కాలు ఎక్కడైనా మండుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆగి ప్లాస్టర్ వేయండి, "ఇంకో ఊరు పోయాక చూద్దాం" అనుకున్నారంటే అది బొబ్బ అవుతుంది. బొబ్బ మీది చర్మం పీకకండి. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి నొప్పి సరిగా తెలియదు, రోజూ రాత్రి పాదాలు ఎవరితోనైనా చూపించుకోవాలి. మీది రక్తం వచ్చిన పుండు కాబట్టి ఒకసారి డాక్టర్‌కు చూపించి టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి.

ఇంకోటి, అందరూ చివరి రోజే దెబ్బతింటారు. కొండ కళ్ల ముందు కనిపిస్తుంటుంది, కాళ్లు చెప్పేది ఎవరూ వినరు. మా గుంపులో ముందే ఒక మాట అనుకుంటాం, అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లు ఎవరైతే వాళ్లను ముందు నడిపించి మిగతావాళ్లం వెనక నడవాలి. ఆ ఏడుగురిని నేను తప్పుపట్టను గానీ, ఇంకొకరైనా ఆగి ఉండాల్సింది.

పీలేరు బస్టాండు

పైన అన్నమయ్య కథ చెప్పినవారి మీద గౌరవం ఉంది, కానీ నేను ఒప్పుకోను. మొక్కు తప్పిందా లేదా అని చెప్పడానికి మనమెవరం? ఆమెకు ఆ శనివారం చాలా పెద్దది. కొడుకు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నప్పుడు బయట కూర్చుని అనుకున్న మాట అది. "పర్లేదులే, దేవుడు అర్థం చేసుకుంటాడు" అని మీరు ఆమెతో అన్నారనుకోండి, ఆమె వదులుకున్నదాన్ని మీరు చిన్నది చేసినట్టే.

నాకూ ఇలాంటిదే జరిగింది. అలిపిరి దారిలో గాలిగోపురం దాటాక పిక్కలు పట్టేసి నేను కూలబడితే, ముఖం కూడా తెలియని ఒక తమిళాయన, పసుపు పంచె కట్టుకుని వాళ్ల గుంపుతో పోతున్నవాడు, నా పక్కన కూర్చుని రెండు గంటలు కాళ్లు పిసికాడు. వాళ్ల గుంపు వెళ్లిపోయింది. నేను మొహమాటంతో పదిసార్లు సారీ చెప్పాను, థ్యాంక్స్ ఒక్కసారీ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీరు సారీ చెప్పకండి. ఎదురుగా కూర్చుని "నీకు ఆ శనివారం ఎంత ముఖ్యమో నాకు తెలుసు, అయినా ఆగావు" అని ఆ మాటే చెప్పండి. తర్వాత ఆమెకు ఏం కావాలో ఆమెనే అడగండి, మీరే ఊహించుకుని చీర కొనకండి.

మదనపల్లె నడక

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. కాలు మానుతోంది, నిన్న టీటీ వేయించుకున్నాను.

పీలేరు అన్నా, మీరు చెప్పినట్టే సాయంత్రం వాళ్లింటికి పోయి చెప్పాను. నిజం చెప్పాలంటే చీర కొనాలనే అనుకున్నాను. తను చాలాసేపు ఏం మాట్లాడలేదు, బియ్యం ఏరుతూనే ఉంది. తర్వాత, బాధ ఉన్నమాట నిజమేనని చెప్పింది. క్యూలో తెల్లవార్లూ కొడుకుని తలుచుకుని ఏడ్చిందట, నేను గోడకానుకుని నిద్రపోయాను కాబట్టి నాకు తెలియలేదు. వచ్చే ఏడు మూడో శనివారానికి మళ్లీ నడుస్తుందట, నన్ను రమ్మంది. ఈసారి ఒక రోజు ముందే బయలుదేరదామంది. పాత చెప్పులతో రావాలని షరతు పెట్టింది. వాళ్లబ్బాయి పరీక్షలప్పుడు వారం రోజులు నేను వాళ్లింట్లో వంట చూసుకుంటానన్నాను, సరే అంది.

అవ్వ పేరు అడగడం ఇద్దరం మరిచిపోయాం. అఖిలాండం దగ్గర "రంగంపేట దాటినాక, అరుగున్న ఇంటి అవ్వ పేరు మీద స్వామీ" అని చెప్పి టెంకాయ కొట్టాను. ఒక చిప్ప దాచిపెట్టాం. ఆదివారం ఇద్దరం బస్సులో పోయి లడ్డూతో పాటు ఆ చిప్పను ఆమెకు ఇచ్చి, పేరు కనుక్కుని వస్తాం.