రస్ట్‌లో ఏకే రీకాయిల్ మార్చి మంచి చేశారా, చెడగొట్టారా?

ఏకే_ఎంకన్న · శనివారం రాత్రి 9:12
పాత పుండు కెలుకుతున్నానని తిట్టకండి. నిన్న అటక సర్దుతుంటే నా పాత మౌస్‌ప్యాడ్ దొరికింది. మధ్యలో నిలువునా అరిగిపోయి ఒక చార. అది ఏకే స్ప్రే చార.

కొత్తవాళ్ల కోసం చెబుతున్నా. రస్ట్ అంటే ఆన్‌లైన్ గేమ్, ఏకే అందులో ఒక రైఫిల్, రీకాయిల్ అంటే కాల్చినప్పుడు తుపాకీ ఎగరడం. ఏకేలో 30 తూటాలు. 2022 జూన్‌కి ముందు బటన్ నొక్కి పట్టుకుంటే తుపాకీ ప్రతిసారీ ఒకే దారిలో పైకీ పక్కలకీ ఎగిరేది. ఆ దారిని మౌస్‌తో తిరగేసి లాగడం వచ్చినవాడికి 30కి 30 ఒకేచోట దిగేవి. అది పట్టుబడడానికి ట్రైనింగ్ సర్వర్లో రోజుకో గంట, ఎనిమిది నెలలు గోడని కాల్చాను. తర్వాత కాంబాట్ అప్‌డేట్ అని వేసి ఆ ప్యాటర్న్ పీకేశారు. ఇప్పుడు ఎగురుడు ప్రతిసారీ కాస్త మారుతుంది, కిందికి లాగుతూ ఉంటే చాలు, ఎవడైనా కొట్టేస్తాడు. నా ఎనిమిది నెలలు ఏ గంగలో కలిసినట్టు?

మీ మాట చెప్పండి. మంచి చేశారా, చెడగొట్టారా?

గేరుపప్పు · 9:15
మౌస్‌ప్యాడ్‌కి ఫ్రేము కట్టించన్నా, దండ నేను తెస్తా.

నైట్‌డ్యూటీ_నాయుడు · 9:31
మంచే చేశారు.

ఎప్పుడూ ఒకే దారిలో ఎగిరే తుపాకీని మనిషికన్నా మౌస్ సాఫ్ట్‌వేర్ బాగా లాగుతుంది. నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాసుకుని దూరం నుంచి లేజర్ కొట్టినట్టు కొట్టేవాళ్లు. యాంటీచీట్‌కి అది దొరకడం కష్టం, ఎందుకంటే ఆటని వాడు ముట్టుకోడు, మౌసే కదులుతుంది. చచ్చినవాడికి తనని చంపింది కష్టపడి నేర్చుకున్నవాడో దొంగో తెలిసేది కాదు. ఎంకన్నా, నిన్ను కూడా ఎంతమంది స్క్రిప్టర్ అన్నారో గుర్తు తెచ్చుకో.

ఏకే_ఎంకన్న · 9:44
అన్నారు. గర్వంగానే ఉండేది.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారా? దొంగలుంటే దొంగల్ని పట్టాలి. ఇంతకీ స్క్రిప్టులు పోయినా చీటర్లు పోయారా? గోడ అవతల మనిషి కనపడే హ్యాక్‌లు ఈ రోజుకీ ఉన్నాయి. పోయింది మాత్రం మాలాంటివాళ్ల విద్య. రస్ట్ అంటేనే చేతిలో ఒక రాయి, ఒక కాగడాతో బట్టల్లేకుండా ఒడ్డున లేవడం. అక్కణ్ణుంచి పైకి రావడానికి చేతకావాలి. ఆ చేతనే నరికేశారు.

తాబేలు_కరీంనగర్ · 9:58
అసలు ముచ్చట ఎవ్వరూ చెప్తలేరు. ఎయిమ్‌కోన్. ఇప్పుడు క్రాస్‌హెయిర్ సీదా తల మీద వెట్టినా తూటా పక్కకి పోతది. రీకాయిల్ నేర్చుకోవచ్చు, లాటరీ ఎట్ల నేర్చుకుంటరు?

పాతకాపు · 10:06
నేను 2014 నుంచి ఉన్నా. 2016లో ఎక్స్‌పీ పెట్టి లెవెల్స్ ఎక్కమన్నారు, ఏడ్చాం. అదే ఏడాది చివర్లో తీసేసి కాంపోనెంట్స్ అని విడిభాగాలు తెచ్చారు, దానికీ ఏడ్చాం. 2021లో టెక్ ట్రీ పెట్టి, స్క్రాప్ (తుక్కు) పోస్తే వస్తువు తయారుచేసే బ్లూప్రింట్ ఇస్తామన్నారు, ఇక ఎవడూ సామాను దొరికే మాన్యుమెంట్లకి రాడని మళ్లీ ఏడ్చాం. ఈ ఆటలో గురువారం అప్‌డేట్ రావడం ఎంత ఖాయమో శుక్రవారం ఏడుపు అంత ఖాయం.

తాబేలు_కరీంనగర్ · 10:09
ఎయిమ్‌కోన్ గురించి అడిగిన.

కొత్త_రాయి · 10:20
అన్నా, 8 జీబీ ర్యామ్‌లో రస్ట్ ఆడుతుందా?

సల్ఫర్_సుజాత · 10:41
మీ రీకాయిల్ గొడవలో తూటా ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్కరూ మాట్లాడటం లేదు. గన్‌పౌడర్‌కి సల్ఫర్ కావాలి. గోడలు పేల్చే బాంబులకీ అదే. ఒక్క సీ4కి 2200 సల్ఫర్. రాకెట్‌కి 1400. సాచెల్‌కి 480, అదీ ఒక్కోసారి తుస్సుమంటుంది. అదంతా రాళ్లు కొట్టి, కొలిమిలో కాల్చి, పెట్టెల్లో సర్దేవాళ్లు ఉంటారు. వాళ్లకి ఏ ప్యాటర్నూ లేదు, ఏ ట్రైనింగ్ సర్వరూ లేదు. యూట్యూబ్‌లో వాళ్ల వీడియో ఎవడూ చూడడు.

నైట్‌డ్యూటీ_నాయుడు · 10:47
సుజాత అన్న మాట పట్టుకోండి.

నాకు 36 ఏళ్లు. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర, మధ్యలో పిల్లాడి స్కూలు. రోజుకి గంటన్నర ఆడితే గొప్ప. ఆ గంటన్నరా గోడని కాల్చమంటే ఇక ఆటెప్పుడు? ఏకే చేసుకోవాలంటే వర్క్‌బెంచ్ 3, అంటే అన్నిటికన్నా పెద్ద పనిబల్ల ఉండాలి. అక్కడిదాకా కష్టపడి వెళ్లి, తుపాకీ చేతికొచ్చాక కూడా అది నాది కాదంటే ఎలా? 2022 జూన్ తర్వాత మొదటిసారి ఏకే పట్టుకుని బయటికి నడిచాను. రెండు ఫైట్లు గెలిచాను. మూడోదాంట్లో చచ్చాను, బాగా అనిపించింది.

ఏకే_ఎంకన్న · 11:02
అదే చెబుతున్నా. గంటన్నర ఆడేవాడి కోసం ఆట మార్చారు. గంటన్నర వాయించి కచేరీ చేస్తానంటే వీణకి తీగలు తగ్గిస్తారా? చేతకానివాళ్లు ఎక్కువమంది ఉంటే కాపీలు ఎక్కువ అమ్ముడవుతాయి, అంతే లెక్క. సాఫ్ట్‌కోర్ సర్వర్లున్నాయి, చచ్చాక సగం సామాను తిరిగి ఇస్తారు. అక్కడికి పొండి. మా ఆట మాకు వదిలేయండి.

డల్లాస్_బాబాయ్ · 11:05
"మా ఆట"నా? రిజిస్ట్రేషన్ ఎప్పుడు చేయించావయ్యా.

తాబేలు_కరీంనగర్ · 11:06
వీణల ఎయిమ్‌కోన్ ఉండదు. గదే నేను చెప్పేది.

నైట్‌డ్యూటీ_నాయుడు · 11:24
చేతకానివాళ్లు అన్నావు. సరే. నేను చెప్పకూడదనుకున్నా, చెబుతా.

2021 జనవరి, సంక్రాంతి సెలవుల వైప్, అంటే సర్వర్ చెరిపేసి అందరూ మొదట్నుంచి మొదలుపెట్టే రోజులు. ఈ ఫోరం టీమే, ఏడుగురం. నేను డ్యూటీ దిగి పొద్దున్న ఏడింటికి ఎక్కేవాణ్ణి, మీరంతా అప్పటికి పడుకునేవాళ్లు. రెండు గంటలు సల్ఫర్ కొట్టేవాణ్ణి. కొలిమిలు నింపేవాణ్ణి. బేస్ కూలిపోకుండా అప్‌కీప్‌కి టీసీలో (టూల్ కబోర్డ్‌లో) రాయీ చెక్కా వేసేవాణ్ణి. నాలుగో రోజుకి పెట్టెలో మూడు ఏకేలు, మెటల్ ఫేస్‌మాస్కులు. నాకు ఒకటి ఇవ్వండి, రోమ్‌కి (బయట తిరిగి ఫైట్లు చేయడానికి) వస్తానన్నా. "అన్నా, నీకు రీకాయిల్ రాదుగా, కిట్ పోగొడతావ్" అని, తుపాకీ కవచం ఏమీ ఇవ్వకుండా, నువ్వు నా చేతిలో క్రాస్‌బో పెట్టావు. గన్‌రూమ్‌కి కోడ్‌లాక్ వేశారు. ఆ కోడ్ నాకు చెప్పలేదు.

ఆరో రోజు పొద్దున్న మన బేస్ దోచుకోవడానికి రెయిడ్ వచ్చింది. ఆన్‌లైన్‌లో ఉన్నది నేనొక్కణ్ణే. మీ ఫోన్లలో రస్ట్ ప్లస్ యాప్ అలారం మోగే ఉంటుంది, ఎవరూ లేవలేదు. సరే, నిద్ర ఎవరికైనా నిద్రే. వాళ్లు గ్యారేజ్ డోర్లు ఒక్కోటీ పగలగొట్టుకుంటూ లోపలికొస్తున్నారు. నేను మూడు ఏకేలున్న గది బయట, తాళం ముందు, క్రాస్‌బో పట్టుకుని నిలబడ్డా. ఆ గదిలో తూటాలు నా సల్ఫర్‌వే.

మధ్యాహ్నం లేచి "నాయుడన్న ఉండి కూడా బేస్ పోయిందా" అని డిస్కార్డ్‌లో రాశావు. ఆ మెసేజ్ ఇంకా ఉంది.

గేరుపప్పు · 11:26
అమ్మో.

ఏకే_ఎంకన్న · 11:33
మూడు ఏకేలు కాదు. రెండు ఏకేలు, ఒక ఎల్ఆర్ రైఫిల్. ఎల్ఆర్ బయట దొరికింది, దానికి నీ సల్ఫర్‌తో సంబంధం లేదు.

పాతకాపు · 11:34
ఇంత చదివి నువ్వు దిద్దింది అదా ఎంకన్నా!

ఏకే_ఎంకన్న · 11:38
తప్పు చెబితే తప్పనే అంటాను. కోడ్ ఇవ్వొద్దన్నది నేనొక్కణ్ణే కాదు, టీం అనుకున్నది. అప్పటి ఆటకి అదే లెక్క. ఏకే ఒకటి తయారవ్వాలంటే ఎంత కష్టమో నీకే తెలుసు. రీకాయిల్ రానివాడి చేతికిస్తే ఆ రాత్రికే శత్రువు చేతిలో ఉంటుంది, మళ్లీ అదే మన మీదికొస్తుంది. గెలిచేవాడి చేతిలో ఉంటే పది కిట్లు ఇంటికొస్తాయి. నేను తెచ్చానా లేదా? ఆ వైప్‌లో పెట్టెలు నిండింది నా వల్ల కాదా?

సల్ఫర్_సుజాత · 11:45
టీం అనుకున్నది అంటే నువ్వూ ఇంకో ఇద్దరూ అనుకున్నారు. కోడ్ నాకూ తెలియదు. నేను అడగలేదు కూడా, అడిగితే క్రాస్‌బో ఇస్తారని తెలుసు.

ఒప్పుకుంటా, నువ్వు కిట్లు తెచ్చేవాడివి. తెచ్చి గన్‌రూమ్‌లో పెట్టి తాళం వేసేవాడివి. నా లెక్కలో అవి మాకు రానట్టే. ఈ చర్చలో మీరు రీకాయిల్ అంటున్నది నిజానికి ఇదే. ఆ ప్యాటర్న్ ఉన్నన్నాళ్లూ టీంలో షూటర్లు వేరు, కూలీలు వేరు. అది పోయాక "నీకు రాదుగా" అనడానికి ఎవరికీ సాకు మిగల్లేదు. అందుకే నాయుడు గారికి మంచిగా ఉంది, నీకు మంటగా ఉంది.

డల్లాస్_బాబాయ్ · 11:51
సుజాతమ్మా, అంత ఈజీ కాదు. ఇప్పుడు కూడా మా టీంలో ఎవడు బాగా కొడతాడో వాడికే మంచి కిట్. నడక, చాటు, ఎప్పుడు తగ్గాలో తెలియడం, ఇవన్నీ అప్‌డేట్ వచ్చినంత మాత్రాన అందరికీ వచ్చేయవు. రీకాయిల్ పోయినా షూటర్ షూటరే.

తాబేలు_కరీంనగర్ · 11:53
రీకాయిల్ పోలే. మారింది. దూరం ఫైట్లల్ల ఎయిమ్‌కోన్...

మోడరేటర్ · 11:55
వ్యక్తిగతంగా వెళ్తున్నారు. తాళం వేయట్లేదు, కానీ "చేతకానివాళ్లు" అనే మాట ఇక వద్దు.

గేరుపప్పు · 11:56
వేసినా కోడ్ మాకు చెప్పండి సార్.

ఏకే_ఎంకన్న · ఆదివారం రాత్రి 12:40
చాలాసేపు రాసి చెరిపాను.

ఆ ఏడాది నాకు బ్యాక్‌లాగులు పదకొండు. ఇంట్లో అన్నం పళ్లెం ముందు కూర్చుంటే మాట పడకుండా లేచింది లేదు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో నా పేరు ఎవడూ ఎత్తేవాడు కాదు. రాత్రి ఈ ఆట ఎక్కగానే "ఎంకన్న వచ్చాడా, అయితే రోమ్‌కి పోదాం" అనేవాళ్లు. నన్ను చూశాక పని మొదలుపెట్టిన చోటు ప్రపంచంలో అదొక్కటే. ఆ తుపాకీ అందరి చేతుల్లో ఒకేలా పేలితే నాకోసం ఎవడు ఆగుతాడు? అనుకున్నట్టే అయింది. 2022 జూలై వైప్‌కి నేను రాకముందే వెళ్లిపోయారు. ఎవడూ కావాలని చేయలేదు, అవసరం లేకపోయింది, అంతే.

సానుభూతి కోసం రాయలేదు. గోడని కాల్చింది తుపాకీ కోసం కాదని చెబుతున్నా. ప్యాటర్న్ తీయడం తప్పేనని ఇప్పటికీ అంటాను.

నైట్‌డ్యూటీ_నాయుడు · ఉదయం 7:20
డ్యూటీ దిగి చదివాను. నీ కష్టం నీది, కాదనను. నాకు పిలుపు అందకపోతే నేను ఏం చేశానో కూడా చెప్పాను కదా, కొలిమిలు నింపాను. కోడ్ ఇవ్వకపోవడం తప్పా కాదా, అది మాత్రం నువ్వు చెప్పలేదు.

పాతకాపు · 7:48
పొద్దున్నే మొదలా. నాకు తెలిసి సల్ఫర్ కొట్టినవాడికి తుపాకీలో వాటా ఉంది. కానీ ఎంకన్న లెక్క కూడా పూర్తిగా కొట్టిపారేయను. ఉన్నది రెండే అయినప్పుడు ఏడుగురికి ఎలా పంచుతారు? వంతులేసుకుంటే పోతుంది, వేసుకోకపోతే మనుషులు పోతారు. మా టీం 2019లో అలాగే పోయింది.

డల్లాస్_బాబాయ్ · 8:15
వచ్చే గురువారం వైప్. మీకు రాత్రి పదకొండున్నర, నాకు మధ్యాహ్నం ఒంటిగంట, ఆఫీసులో లంచ్. సింగపూర్ సర్వర్ అయితే నాకు పింగ్ చచ్చిపోతుంది, అయినా వస్తా. ఎవరెవరు?

సల్ఫర్_సుజాత · 8:22
నేను వస్తా. ఈసారి కూలీగా కాదు. మొదటి ఏకే నాకు.

ఏకే_ఎంకన్న · 10:05
నేనూ వస్తా. గన్‌రూమ్ వద్దు, పెట్టెలు మెయిన్ రూమ్‌లోనే పెడదాం, ఎవరిది వాళ్లు తీసుకోండి.

సల్ఫర్_సుజాత · 10:11
అన్నీ ఒకేచోట పెడితే ఒక్క గోడ పేలిస్తే మొత్తం పోతుంది. రెండు రాకెట్లు వేస్తే స్ప్లాష్‌కే సగం పెట్టెలు పగులుతాయి. గన్‌రూమ్ ఉండాలి. కోడ్ అందరికీ ఉండాలి.

ఏకే_ఎంకన్న · 10:14
అందరికీ కోడ్ ఉంటే ఇక తాళం ఎందుకు?

సల్ఫర్_సుజాత · 10:15
బయటివాళ్ల కోసం. తాళం వేసేది వాళ్లకి, మనకి కాదు.

తాబేలు_కరీంనగర్ · 10:30
నేను వస్త గని ఏకే నాకొద్దు. ఎందుకో మీకు తెల్సు.

కొత్త_రాయి · 10:33
అన్నా, 8 జీబీ ర్యామ్...

గేరుపప్పు · 10:34
ఆడదు తమ్ముడూ. మ్యాప్ లోడయ్యేసరికి వచ్చే నెల వైప్ వస్తుంది.

నైట్‌డ్యూటీ_నాయుడు · సాయంత్రం 5:50
ఇప్పుడే లేచాను. ఎంకన్నా, ఇంతకీ అప్పటి కోడ్ ఎంత?

ఏకే_ఎంకన్న · 6:02
నా హాల్‌టికెట్ చివరి నాలుగంకెలు. ఇప్పుడెందుకన్నా?

నైట్‌డ్యూటీ_నాయుడు · 6:07
ఏం లేదు. ఆ పొద్దున వాళ్లు ఆఖరి డోర్ దగ్గరికి వచ్చేదాకా నేను 1234 నుంచి మొదలుపెట్టి నొక్కుతూనే ఉన్నా. తప్పు కొట్టినప్పుడల్లా తాళం షాక్ ఇస్తుంది కదా. వాళ్లు వచ్చేసరికి సగం ప్రాణం దానికే పోయింది.