మాన్‌హైమ్ నేషనల్ థియేటర్: గాయకులకు, నటులకు ఊరే జీతమిచ్చే పద్ధతి ఎలా మొదలైంది?

నాటకప్రియ:

నమస్కారం. ఉద్యోగరీత్యా రెండేళ్లుగా జర్మనీలోని మాన్‌హైమ్‌లో ఉంటున్నాను. ఇక్కడి నేషనల్ థియేటర్ వారి ఒపేరాను, అంటే పాటలతో నడిచే సంగీత నాటకాన్ని, ఈమధ్యే మొదటిసారి చూశాను. విరామంలో పక్క సీటులోని పెద్దావిడతో మాటలు కలిశాయి. వాద్యబృందంలో వాయించేవారు, కోరస్‌లో పాడేవారు, దుస్తులు కుట్టేవారు అందరూ నగరపాలక సంస్థ దగ్గర జీతం తీసుకునేవారేనని ఆమె చాలా మామూలు విషయంలా చెప్పారు. నాకు మాత్రం అది మామూలుగా తోచలేదు. మా ఊళ్లో మునిసిపాలిటీకి టౌన్‌హాలు ఉంది. నాటక సమాజాలు అద్దె కట్టి అందులో ఆడుకుంటాయి. అంతకు మించి మునిసిపాలిటీకీ నాటకానికీ సంబంధం ఉండగలదని నేను ఎన్నడూ అనుకోలేదు. ఒక ఊరు సొంత ఒపేరా బృందాన్ని తరతరాలుగా పోషించడం ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ మొదలైంది? ఊరి థియేటర్‌కు 'నేషనల్' అన్న పేరెందుకు? తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరని మనవి.

గ్రంథాలయం:

నాటకప్రియ గారూ, ఈ ప్రశ్నకు మీరున్న ఊరిని మించిన ఉదాహరణ దొరకదు. 1720 నుంచి మాన్‌హైమ్ పలాటినేట్ సంస్థానానికి రాజధాని. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న కొద్దిమంది సంస్థానాధీశులలో అక్కడి ప్రభువు ఒకడు. 1742లో గద్దెనెక్కిన కార్ల్ థియోడర్‌కు సంగీతమంటే ప్రాణం. యోహాన్ స్టామిట్జ్ తీర్చిదిద్దిన ఆ ఆస్థాన వాద్యబృందం, స్వరాన్ని సన్నగా ఎత్తుకొని క్రమంగా పెంచుకుంటూ పోయే తీరుకు యూరప్ అంతటా పేరు పొందింది. 1777 శరత్కాలంలో ఇరవై ఒకటేళ్ల మోజార్ట్ ఇక్కడికే ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, కొన్ని నెలలు ఎదురుచూసి, అది దొరకక వెళ్లిపోయాడు.

అదే ఏడాది డిసెంబరు 30న బవేరియా ప్రభువు సంతానం లేకుండా మరణించాడు. వారసత్వం కార్ల్ థియోడర్‌కు దక్కింది. దాంతోపాటు కొలువును మ్యూనిక్‌కు మార్చవలసి వచ్చింది. 1778లో దర్బారు కదిలింది, ఆస్థాన సంగీతకారులలో అత్యధికులు దాని వెంట వెళ్లారు. దర్బారు మీద ఆధారపడి బతికే దర్జీలు, రొట్టెలు చేసేవారు, ఇళ్లు అద్దెకిచ్చేవారు ఒక్కసారిగా దిక్కులేనివారయ్యారు. ఊరు పూర్తిగా చితికిపోకుండా ఇక్కడ ఒక స్థిరమైన జర్మన్ రంగస్థలం నెలకొల్పాలని వోల్ఫ్‌గాంగ్ హెరిబెర్ట్ ఫాన్ డాల్‌బెర్గ్ అనే ప్రభువంశీకుడు పట్టుబట్టి, ప్రభువు చేత ఒప్పించాడు. ధాన్యపు కొట్టుగా, ఆయుధాగారంగా వాడిన పాత భవనాన్ని లొరెంజో క్వాల్యో అనే వాస్తుశిల్పి థియేటర్‌గా మార్చాడు. 1779 అక్టోబరు 7న మొదటి ప్రదర్శన జరిగింది. గోథా పట్టణంలో ఆస్థాన రంగస్థలం అదే సంవత్సరం మూతపడడంతో అక్కడి యువ నటులు ఇక్కడికి వచ్చి చేరారు. నా దృష్టిలో ఈ థియేటర్ రాజు వైభవానికి గుర్తు కాదు, రాజు వెళ్లిపోయినందుకు ఊరికి దక్కిన పరిహారం. తర్వాతి కాలంలో ఊరు దాన్ని అంత గట్టిగా పట్టుకోవడానికి మూలం అక్కడే ఉంది.

ఇక పేరు సంగతి. అప్పటికి జర్మనీ అనే ఒకే దేశం లేదు. అది 1871లో గాని ఏర్పడలేదు. దర్బారులలో ఫ్రెంచి నాటకాలు, ఇటాలియన్ ఒపేరాలు నడిచేవి. వాటికి ఎదురుగా జనం మాట్లాడే భాషలో ఆడే రంగస్థలాన్ని 'జాతీయ' రంగస్థలం అన్నారు. 1767లో హాంబర్గ్‌లో ఆ పేరుతో మొదలైన ప్రయత్నం రెండేళ్లకే ఆగిపోయింది. 1776లో వియన్నాలో రెండవ జోసెఫ్ చక్రవర్తి తన ఆస్థాన రంగస్థలానికి ఆ పేరు పెట్టాడు. మాన్‌హైమ్ వారిది ఆ వరుసలోదే. కాబట్టి ఈ 'నేషనల్' అన్న మాటను దేశానికి కాక భాషకు అన్వయించుకోవాలి.

పాతతెర:

గ్రంథాలయం గారు పునాది చక్కగా చెప్పారు. ఆ పునాది మీద నిలిచిన ఒక్క రాత్రి గురించి నేను చెప్పకుండా ఉండలేను. 1782 జనవరి 13న ఇక్కడ జర్మన్ కవి, నాటకకర్త షిల్లర్ తొలి నాటకం 'బందిపోట్లు' మొదటిసారి ప్రదర్శించారు. రచయితకు అప్పటికి ఇరవై రెండేళ్లు. స్టుట్‌గార్ట్‌లో సైనిక వైద్యుడిగా ఉంటూ, తన ప్రభువు అనుమతి లేకుండానే మాన్‌హైమ్ వచ్చి ప్రేక్షకుల మధ్య కూర్చున్నాడు. నాటకం తన కాలానిదిగా కనిపిస్తే చిక్కులు తప్పవని డాల్‌బెర్గ్ భయపడి, కథను దాదాపు మూడు వందల ఏళ్లు వెనక్కి, పదిహేనవ శతాబ్దపు చివరికి నెట్టించాడు. నటులు ఆ కాలపు దుస్తులే తొడిగారు. అయినా ఏ ప్రేక్షకుడూ మోసపోలేదు. గోథా నుంచి వచ్చిన నటుడు ఇఫ్‌లాంట్ దుష్టుడైన తమ్ముడు ఫ్రాన్జ్ పాత్ర వేశాడు. అతనికీ అప్పుడు ఇరవై రెండేళ్లే. హాలంతా పిచ్చాసుపత్రిలా మారిందని, పిడికిళ్లు బిగించి అరిచారని, ముక్కూ మొహం తెలియనివారు ఒకరినొకరు కౌగిలించుకొని ఏడ్చారని చూసినవారి వర్ణన ఒకటి మిగిలింది.

ఆ వసంతంలో షిల్లర్ మళ్లీ అనుమతి లేకుండా వచ్చినట్లు తెలిసి, స్టుట్‌గార్ట్ ప్రభువు అతన్ని రెండు వారాలు నిర్బంధంలో ఉంచాడు, తర్వాత సాహిత్య రచనే మానుకోమన్నాడు. సెప్టెంబరులో షిల్లర్ పారిపోయి మాన్‌హైమ్ చేరాడు. 1783లో ఈ థియేటర్ అతన్ని ఒక ఏడాదికి ఆస్థాన కవి తరహాలో జీతం మీద పెట్టుకుంది. గడువు తీరాక పొడిగించలేదు. అంత గొప్ప రచయితను అలా వదులుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది. అయితే డాల్‌బెర్గ్ చేసిన ఇంకో పని తక్కువ మందికి తెలుసు. నటులను సమావేశపరచి, నటనలో సహజత్వమంటే ఏమిటి, చప్పట్లు నటుడికి మేలు చేస్తాయా వంటి ప్రశ్నలిచ్చి, రాతపూర్వకంగా జవాబులు తీసుకునేవాడు. ఆ సమావేశాల నివేదికలు నేటికీ ఉన్నాయి.

నాటకప్రియ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పటివరకు చెప్పినదంతా ప్రభువు పోషణే కదా. మరి ఊరి చేతికి ఎప్పుడు వచ్చింది?

తంబుర:

1803లో మాన్‌హైమ్ బాడెన్ సంస్థానంలో కలిసింది. బాడెన్ రాజధాని కార్ల్స్‌రూహే. అక్కడ వేరే ఆస్థాన థియేటర్ ఉంది. దూరంగా ఉన్న రెండవ థియేటర్ మీద పాలకులకు ఆసక్తి తగ్గుతూ వచ్చింది. 1839లో మాన్‌హైమ్ నగరమే దాని నిర్వహణను తీసుకొని, పౌరులతో ఒక సంఘం వేసి నడిపించింది. జర్మనీలో నగరం నేరుగా నడిపిన తొలి థియేటర్‌గా దీన్ని లెక్కిస్తారు. 'ఆస్థాన' అన్న మాట మాత్రం చాలాకాలం పేరులో నిలిచింది.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. ఆ శతాబ్దంలో జర్మనీలోని చాలా ఊళ్లు అచ్చం మీ ఊరి టౌన్‌హాలు పద్ధతినే పాటించాయి: భవనం ఊరిది, దాన్ని కౌలుకు తీసుకున్న నిర్వాహకుడు సొంత పూచీ మీద బృందాన్ని నడపాలి. వసూళ్లు రాకపోతే అతను దివాలా తీసేవాడు, నటులు వీధిన పడేవారు. కౌలు పద్ధతిని వదిలి నగరాలు తామే నడపడం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత విస్తృతంగా జరిగింది. మాన్‌హైమ్ దాదాపు ఎనభై ఏళ్ల ముందే ఆ దారి పట్టింది.

దాని ఫలితం ఒపేరాలో బాగా కనిపిస్తుంది. విన్జెంజ్ లాఖ్నర్ 1836 నుంచి 1873 వరకు ఇక్కడి సంగీత నిర్వాహకుడు. ముప్పై ఏడేళ్ల పాటు ఒకే చేతి కింద వాద్యబృందం నిలకడగా ఎదిగింది. ఊరి సంగీత వ్యాపారి ఎమిల్ హెకెల్ 1871లో ఒపేరా స్వరకర్త వాగ్నర్ అభిమానుల మొట్టమొదటి సంఘాన్ని ఇక్కడే స్థాపించాడు. ఆ డిసెంబరులో వాగ్నర్ స్వయంగా వచ్చి కచేరీ నిర్వహించాడు. స్వరకర్త హ్యూగో వోల్ఫ్ పూర్తి చేసిన ఒకే ఒక్క ఒపేరా 'డెర్ కొరెగిడోర్' 1896లో మొదట ఇక్కడే వినిపించింది. తర్వాత ప్రసిద్ధుడైన వాద్యబృంద నిర్వాహకుడు ఫుర్ట్‌వెంగ్లర్ 1915 నుంచి 1920 వరకు ఇక్కడే పనిచేశాడు.

నగరపాలన ఎవరి చేతిలో ఉంటే థియేటర్ వారి చేతిలోకి వెళ్తుందన్నది ఈ పద్ధతికి చీకటి వైపు. 1933లో నాజీలు రాగానే సంగీత నిర్వాహకుడు యోసెఫ్ రోజెన్‌స్టాక్‌ను యూదుడన్న కారణంతో తొలగించారు. ఆయన బెర్లిన్‌లో యూదు కళాకారుల సంస్థలో కొంతకాలం పనిచేసి, 1936లో జపాన్ వెళ్లి టోక్యోలో వాద్యబృందాన్ని తీర్చిదిద్దారు. మాన్‌హైమ్ పోగొట్టుకున్నది టోక్యోకు దక్కింది.

గ్రంథాలయం:

ఆ పెద్దావిడ మాటకు చిన్న సవరణ. జీతగాళ్లన్నంత మాత్రాన అందరి ఉద్యోగాలూ ఒకే రకంగా ఉండవు. వాద్యకారుల ఉద్యోగాలు సాధారణంగా శాశ్వతమైనవి. ఏకగాయకులు, నటులవి చాలావరకు ఏడాది ఒప్పందాలు. కొనసాగించే ఉద్దేశం లేకపోతే థియేటర్ ముందు సంవత్సరం అక్టోబరు 31 లోగా చెప్పాలి. చెప్పకపోతే మరో ఏడాది దానంతటదే పొడిగింపు అవుతుంది. అందుకే ఇక్కడి గాయకులకు అక్టోబరు నెల గుబులు నెల. ఖర్చు విషయానికి వస్తే, జర్మన్ ప్రభుత్వ థియేటర్లలో టిక్కెట్ల వంటి సొంత ఆదాయం సుమారు ఐదో వంతే. మిగిలినది ప్రధానంగా నగరం, రాష్ట్రం భరిస్తాయి.

పాతతెర:

భవనాల కథ మిగిలిపోయింది. పాత థియేటర్ 1943 సెప్టెంబరులో బాంబుదాడికి కాలిపోయింది. యుద్ధం ముగిశాక బృందం షౌబుర్గ్ అనే సినిమాహాలులో 1957 దాకా ఆడింది, పాడింది. కొత్త భవనానికి ప్రఖ్యాత వాస్తుశిల్పి మీస్ ఫాన్ డెర్ రోహె 1953లో గాజు, ఉక్కులతో అద్భుతమైన నమూనా ఇచ్చాడు; అది కాగితం మీదే ఉండిపోయింది. గెర్హార్డ్ వేబర్ గ్యోతే చౌకులో కట్టిన భవనం 1957 జనవరి 13న, అంటే 'బందిపోట్లు' తొలి ప్రదర్శనకు సరిగ్గా 175 ఏళ్లకు, తెరుచుకుంది. చిన్న హాలులో అదే నాటకాన్ని ఎర్విన్ పిస్కాటర్ దర్శకత్వంలో ఆడారు. ఆ వసంతంలో హాన్స్ ష్యూలర్ రూపొందించిన వాగ్నర్ ఒపేరా 'పార్సిఫాల్'ను అదే రంగాలంకరణతో అర్ధశతాబ్దానికి పైగా ఈస్టర్ రోజుల్లో ప్రదర్శిస్తూ వచ్చారు. తాతలు చూసిన ప్రదర్శననే మనవలూ చూశారు.

2022 నుంచి ఆ భవనానికి సమూల మరమ్మతులు సాగుతున్నాయి. ఖర్చు 20 కోట్ల యూరోలు దాటింది. అందుకే నాటకాలను ఒకప్పటి అమెరికన్ సైనిక నివాసాల సినిమాహాలులో ఆడుతున్నారు. ఒపేరాకు లూయిజెన్ పార్కు పక్కన తాత్కాలిక భవనం 2024లో సిద్ధమైంది. నాటకప్రియ గారూ, మీరు బహుశా అక్కడే చూసి ఉంటారు. వీలైతే ఒక సాయంత్రం కోట దగ్గరి బి 3 చౌకానికి వెళ్లండి. ఆ ఊరి నడిబొడ్డున వీధులకు బదులు ఇళ్ల చౌకాలకే అక్షరమూ అంకే పేరు కదా. 1779 నాటి థియేటర్ నిలిచిన చోటు అదే, అక్కడి స్థలం పేరు షిల్లర్ చౌకు.