22 కేజీల సంచి మోసిన కుర్రాడికి బెయిల్ ఇవ్వాలా, వద్దా?

పెదబయలు_రోడ్డు:
ముందే చెప్తున్నా, గంజాయిని వెనకేసుకురావడానికి ఈ పోస్టు పెట్టడం లేదు. మా పక్క ఊరి కుర్రాడు, 21 ఏళ్ళు, ఇంటర్ తప్పాడు. కిందటేడాది నర్సీపట్నం దాటాక బస్సు ఆపి సోదా చేస్తే వాడి కాళ్ళ దగ్గర సంచి దొరికింది. బ్రౌన్ టేపు చుట్టిన 11 ప్యాకెట్లు, మొత్తం 22 కేజీలని రాశారు. అవతల ఊళ్ళో అందిస్తే 5 వేలు ఇస్తామన్నారట, చేతిలో వెయ్యి పెట్టారు. లోపలికెళ్ళి 14 నెలలైంది, బెయిల్ రెండుసార్లు కొట్టేశారు. సంచి ఇచ్చినవాడు కాగితం మీద ఏ2, అంటే రెండో ముద్దాయి, "పరారీ". ఎక్కడ పరారీ? వారం వారం సంతకి వస్తాడు, అందరం చూస్తున్నాం.

మా మండలంలోనే మనిషిని కొట్టి చంపిన కేసులో ముద్దాయి మూడు నెలలకే బయటికొచ్చి పెళ్ళి కూడా చేసుకున్నాడు. వీడికేమో బెయిల్ లేదు, రుజువైతే 10 ఏళ్ళకి తగ్గదు అంటున్నారు. 20 కేజీలు దాటిందని. ఆ రెండు కేజీల తేడాకి ఇంత శిక్షా? ఇది న్యాయమేనా, మీరే చెప్పండి.

గుంటూరు_అమ్మ:
నాయనా, మీ కుర్రాడి వయసు చూస్తే జాలేస్తుంది. కానీ వాడు మోసినలాంటి సంచే ఐదు గ్రాముల పొట్లాలై మా ఇంటికొచ్చింది. మా అబ్బాయి బీటెక్ రెండో ఏడు. ఆర్నెల్లు రాత్రిళ్ళు నిద్రలేదు మాకు, వాడికీ లేదు. 22 కేజీలంటే ఎన్ని పొట్లాలో లెక్కేసుకోండి. వెయ్యి రూపాయల కోసం మోశాడంటే సరిపోతుందా? బెయిల్ ఇస్తే మళ్ళీ అదే బస్సెక్కడని ఎవరు హామీ?

లాజిక్_బాబు:
మేడమ్ కరెక్ట్. పేదరికం అని మొదలుపెడితే జైల్లో ఒక్కడూ మిగలడు.

నల్లకోటు_వైజాగ్:
చట్టం ఏమంటుందో ముందు చూద్దాం, తర్వాత కొట్టుకుందాం. ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం, 1985లో వచ్చింది. ఇప్పుడున్న లెక్కలో గంజాయి కేజీ వరకు చిన్న పరిమాణం, దానికి ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. కేజీ దాటి 20 వరకు ఉంటే 10 ఏళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఇక్కడ జడ్జి మనిషిని చూసి రెండేళ్ళు వెయ్యొచ్చు, ఏడేళ్ళు వెయ్యొచ్చు. 20 దాటిందా, అది కమర్షియల్, అంటే వ్యాపార పరిమాణం. 10 ఏళ్ళకి తక్కువ వెయ్యడానికి జడ్జికి అధికారమే లేదు, పైన 20 ఏళ్ళ దాకా, జరిమానా లక్ష నుంచి మొదలు. సరిగ్గా 20 ఉంటే ఇంకా మధ్య మెట్టే, దాటితేనే.

హత్య కేసు ముద్దాయికి బెయిల్ ఎందుకు దొరికిందంటే అక్కడ సెక్షన్ 37 లాంటిది లేదు. 1989లో దీన్ని ఇప్పటి రూపంలో పెట్టారు. కమర్షియల్ కేసులో పీపీ, అంటే ప్రభుత్వ లాయరు, బెయిల్ వద్దంటే, ఈ ముద్దాయి తప్పు చెయ్యలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికొస్తే మళ్ళీ నేరం చెయ్యడనీ జడ్జికి నమ్మకం కలగాలి. అంటే విచారణ మొదలవకముందే నిర్దోషినని ఒప్పించాలి. సంచి కాళ్ళ దగ్గర దొరికినవాడు ఎలా ఒప్పిస్తాడండీ?

ఇంకోటి, ఇది చాలామంది లాయర్లు కూడా మర్చిపోయారు. 2001 సవరణకి ముందు గంజాయి ఎంత దొరికినా శిక్ష ఐదేళ్ళ వరకే. బరువును బట్టి మెట్లు పెట్టి చట్టాన్ని హేతుబద్ధం చేశామని చెప్పుకున్నారు, హెరాయిన్ చిన్న కేసులకి నిజంగానే తగ్గింది, మన ఏజెన్సీ గంజాయికి మాత్రం పెరిగింది.

మాజీ_ఖాకీ:
నేను 30 ఏళ్ళు యూనిఫాం వేసి దిగినవాణ్ణి, అందులో చాలా రాత్రులు చెక్‌పోస్టుల్లోనే. ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. "మొదటిసారి సార్, సంచిలో ఏముందో తెలీదు సార్" అని చెప్పనివాడు నాకు ఒక్కడూ తగల్లేదు. వాసనకే తెలుస్తుంది అది. ముందు బైకు మీద పైలట్ వెళ్తుంటాడు, పోలీసు కనబడితే ఫోన్ చేస్తాడు. వెనక బస్సులో సరుకు. ఆ ఏర్పాటంతా చూసి కూడా ఎక్కాడంటే తెలిసే ఎక్కాడు.

2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో చింతపల్లి, జీకే వీధి, పెదబయలు వైపు గంజాయి తోటలు నరికాం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కేజీలు తగలబెట్టారు, దేశం మొత్తం చూసింది. అయినా ఆగిందా? ఒడిశా వైపు నుంచి సరుకు దిగుతూనే ఉంది. మోసేవాడు దొరికినన్నాళ్ళూ దిగుతుంది. బెయిల్ సులభం చేస్తే మోసేవాళ్ళకి లోటుండదు.

పెదబయలు_రోడ్డు:
సార్, తెలిసే ఎక్కాడు, ఒప్పుకుంటున్నా. నేను తెలీదనలేదు. మరి ఏ2 సంగతేంటి?

మాజీ_ఖాకీ:
అదీ చెప్తా. 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? సెక్షన్ 67 కింద ఆఫీసర్ ముందు ఒప్పుకున్నది ముద్దాయి మీద సాక్ష్యంగా పనికిరాదంది. వీడు "ఫలానావాడు ఇచ్చాడు" అని చెప్తే మేం రాసుకోవాలి, అంతే. కోర్టులో దాని విలువ సున్నా. మేమేం చెయ్యాలి?

నల్లకోటు_వైజాగ్:
సార్, గౌరవంతోనే అడుగుతున్నా, ఆ తీర్పు దర్యాప్తు చెయ్యొద్దని చెప్పిందా? పేరు చెప్పాక కాల్ రికార్డులు తీయొచ్చు, ఆ వెయ్యి ఫోన్‌పేలో వచ్చిందేమో చూడొచ్చు, బస్టాండ్ కెమెరాలు చూడొచ్చు. కుట్రకి సెక్షన్ 29 ఉంది, డబ్బు పెట్టినవాడికి 27ఏ ఉంది, దానికీ పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు. ఈ వ్యాపారంతో కొన్న ఆస్తులు జప్తు చెయ్యడానికి ఒక అధ్యాయమే రాసిపెట్టారు. అన్నీ ఉన్నాయి. చార్జిషీట్‌లో మాత్రం ఏ1 దగ్గర సంచి, ఏ2 పరారీ, కథ కంచికి.

మాజీ_ఖాకీ:
తమ్ముడూ, స్టేషన్లో ఉండేది ఒక ఎస్సై. వాడికి బందోబస్తు, జాతర, మంత్రిగారి పర్యటన, ఇవన్నీ అయ్యాక కేసు. ఒడిశాలో మల్కనగిరి వెళ్ళి మనిషిని తేవాలంటే పర్మిషన్లు, బండి, డీజిల్. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డ్రగ్స్ కేసులకి ఈగల్ అని ప్రత్యేక విభాగాలు వచ్చాయి, వాళ్ళైనా చేస్తే సంతోషం. నా టైములో పట్టుకున్న కేజీల లెక్కే అడిగేవారు, వెనక ఎవడున్నాడని పైవాళ్ళెవరూ అడగలేదు. ఇది నిజం.

హైటెక్_బ్రో:
అసలు బ్యాన్ ఎందుకు బ్రో? అమెరికాలో షాపుల్లో అమ్ముతున్నారు. లీగల్ చేస్తే ఏ1, ఏ2 ఎవడూ ఉండడు.

నల్లకోటు_వైజాగ్:
ఆ షాపులు కొన్ని రాష్ట్రాల చట్టం ప్రకారమే. అక్కడి ఫెడరల్ చట్టంలో ఇంకా నేరమే. వీసా మీద వెళ్ళిన మనవాళ్ళు షాపులో కొన్నాం కదా అనుకుని తర్వాత ఇమిగ్రేషన్‌లో ఇరుక్కుంటారు. దాని మీద వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ పిల్లాడు జైల్లో ఉన్నాడు.

లాజిక్_బాబు:
లాయర్ గారూ, మీవాళ్ళు చేసేదేంటో నేను చెప్తా. సెక్షన్ 50 పాటించలేదు, శాంపిల్ సరిగ్గా తియ్యలేదు, మధ్యవర్తి, అంటే సోదా సాక్షి, సంతకం లేదు అని సాంకేతిక కారణాలు పట్టుకుని నిజంగా అమ్మినవాణ్ణి కూడా విడిపిస్తారు. సరుకు దొరికిందా లేదా? దొరికింది. అయిపోయింది.

నల్లకోటు_వైజాగ్:
మీరు రేపు బస్సెక్కుతారు. మీ సీటు కింద ఎవడో పెట్టిన సంచి దొరుకుతుంది. మామూలు కేసులో నేరం రుజువు చెయ్యాల్సింది పోలీసులు. ఈ చట్టంలో సరుకు మీ దగ్గర ఉందని తేలితే సెక్షన్ 35, 54 ప్రకారం మీకు తెలిసే ఉందని కోర్టు అనుకుంటుంది, తెలీదని మీరే రుజువు చేసుకోవాలి. అంత బరువు ముద్దాయి నెత్తిన పెట్టారు కాబట్టే సోదా పద్ధతిగా జరగాలన్నారు. అది సాంకేతికం కాదు, ముద్దాయికి మిగిలిన ఒకే ఒక్క గోడ.

ఆ గోడ కూడా మీరనుకున్నంత ఎత్తేం లేదు. సెక్షన్ 50 అంటే గెజిటెడ్ ఆఫీసర్ ముందో మెజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు నీకుందని చెప్పడం. అది ఒంటి మీద సోదాకే, చేతిలో సంచికి వర్తించదని 2005లోనే పవన్ కుమార్ కేసులో తేల్చేశారు. కాబట్టి ఈ కుర్రాడికి అది పనికిరాదు. 52ఏ, అంటే మెజిస్ట్రేట్ ముందు శాంపిళ్ళు తీసి ధ్రువీకరించడం, 2016లో మోహన్‌లాల్ కేసు తర్వాత దాని మీద చాలా కేసులు వీగిపోయాయి. 2025 జనవరిలో మళ్ళీ సుప్రీంకోర్టే అది ఒక్కటే పాటించలేదని కేసు మొత్తం కొట్టెయ్యలేమంది. విడిపించేస్తున్నాం అనేది సినిమాల్లో.

పెదబయలు_రోడ్డు గారూ, ఒక్కటి చెప్పండి. పంచనామా కాపీ ఉందా? ప్యాకెట్లు టేపుతో సహా తూచారా, విప్పి తూచారా? ఆకులు, కాడలు కలిపి ఉన్నాయా?

పెదబయలు_రోడ్డు:
వాళ్ళ నాన్న దగ్గర జిరాక్సు ఉంది, ఇప్పుడే ఫోన్‌లో ఫోటో పెట్టించుకుని చదివాను. "11 ప్యాకెట్లు, ఒక్కొక్కటి సుమారు 2 కేజీలు, మొత్తం 22 కేజీలు" అని ఉంది. విప్పినట్టు ఎక్కడా లేదు. మధ్యవర్తులు ఇద్దరూ వీఆర్వోలే.

నల్లకోటు_వైజాగ్:
"సుమారు" అని రాశారా? ఒక మనిషి పదేళ్ళు ఆ "సుమారు" మీద వేలాడుతున్నాయి. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేని ఉత్త ఆకులు, గింజలు లెక్కలోకి రావు. కవరు, టేపు, తడి, కాడలు తీసేస్తే 20 కిందికి వస్తుందని వాదించడానికి చోటుంది. జడ్జి ఒప్పుకుంటారని గ్యారంటీ ఇవ్వను, ఒప్పుకున్నవాళ్ళున్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. కానీ రెండు బెయిల్ పిటిషన్లలో ఈ పాయింట్ వేశారా అసలు?

పెదబయలు_రోడ్డు:
వేసినట్టు లేదు సార్. మొదట పెట్టిన లాయరు లక్షన్నర అన్నాడు, 60 వేలు తీసుకున్నాడు, ఎడ్లు అమ్మి ఇచ్చారు. రెండు వాయిదాలకి వచ్చాడు, తర్వాత ఫోను ఎత్తలేదు. 180 రోజుల్లో చార్జిషీట్ వెయ్యకపోతే బెయిల్ వస్తుందని కూడా మాకెవరూ చెప్పలేదు. 176వ రోజున వేశారట.

మాజీ_ఖాకీ:
సరిగ్గా గడువులో వేశారు. ఆ లెక్క మాకు బాగా తెలుసు లెండి.

గుంటూరు_అమ్మ:
నిన్న కోపంగా రాశాను. ఒక విషయం దాచాను, ఇప్పుడు చెప్తున్నా. మా అబ్బాయిని కూడా పట్టుకున్నారు. 40 గ్రాములు. స్టేషన్ బెయిల్ ఇచ్చి పంపించారు, కేసు మాత్రం ఉంది. వాడు తాగేవాడే, అమ్మేవాడు కాదు. లాయర్ గారు సెక్షన్ 64ఏ గురించి చెప్పారు, చిన్న పరిమాణం కేసైతే, తనంతట తాను డీ అడిక్షన్‌లో చేరి చికిత్స పూర్తి చేస్తే శిక్ష లేకుండా పోవచ్చని. నాలుగు నెలలు సెంటర్‌లో ఉన్నాడు. ఇప్పుడు కాస్త తింటున్నాడు.

మా పిల్లాడికి చట్టం చికిత్స అంది, ఈ పిల్లాడికి పదేళ్ళు అంటోంది. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు బాబూ, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇలాంటివాళ్ళు ఆ సంచులు దించకుండా ఉంటే మా ఇంట్లో ఇదంతా జరిగేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

లాజిక్_బాబు:
సారీ మేడమ్. నేను మాత్రం అదే మాట మీద ఉన్నా. 14 నెలలు విచారణ లేకుండా ఉంచడం తప్పంటే ఒప్పుకుంటా, విచారణ తొందరగా చెయ్యండి. బెయిల్ ఇవ్వడం వేరే సంగతి.

నల్లకోటు_వైజాగ్:
తొందరగా చెయ్యండి అని మనం ఇక్కడ రాస్తే కోర్టులో సాక్షి రాడు కదా. వీఆర్వో బదిలీ అయి ఉంటాడు, ఎస్సై వేరే జిల్లాలో ఉంటాడు, పీపీ సెలవు. అందుకే 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు, ఏడేళ్ళకి పైగా లోపలున్న మనిషికి, విచారణ అంతులేకుండా సాగితే సెక్షన్ 37 అడ్డం కాదని బెయిల్ ఇచ్చింది. అదే ఏడాది ఒడిశా గంజాయి కేసులో మూడున్నరేళ్ళు లోపలున్న ముద్దాయికీ ఇచ్చింది, అక్కడ సరుకు 200 కేజీలకి పైనే. మన కుర్రాడికి 14 నెలలంటే ఆ లెక్కన తక్కువే అంటారు, అదీ దౌర్భాగ్యం.

ఇక డబ్బు సంగతి. ఎస్టీ అయినా, జైల్లో ఉన్నవాడైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరుకి హక్కుంది, 1987 చట్టం సెక్షన్ 12. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. జైల్లో కుర్రాడు ఒక అర్జీ రాసిచ్చినా చాలు. ఉచితం కదా పట్టించుకోరని భయపడొద్దు, ఆ 60 వేల లాయరు కన్నా నయమే. బెయిల్ వచ్చినా ష్యూరిటీలు దొరక్క ఇంకో నెల లోపలే ఉంటారు మీవైపు పిల్లలు, కాబట్టి పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ఇద్దరిని ఇప్పుడే చూసి పెట్టుకోండి.

మాజీ_ఖాకీ:
లాయర్ గారూ, వాడు ఏ2 పేరు కోర్టులో చెప్పి సాక్షిగా మారితే? అలాంటి ఏర్పాటు ఉండాలి.

నల్లకోటు_వైజాగ్:
ఉంది సార్, సెక్షన్ 64. నిజమంతా చెప్తానంటే ప్రభుత్వం కేసు లేకుండా మాఫీ ఇవ్వొచ్చు. నా ప్రాక్టీసులో వాడగా ఒక్కసారీ చూడలేదు.

గుంటూరు_అమ్మ:
అయితే చెప్పమనండి బాబూ. పేరు చెప్తే బెయిల్ ఇవ్వాలని నేనే ఒప్పుకుంటా.

పెదబయలు_రోడ్డు:
పేరు చెప్తే వాళ్ళ నాన్న సంతకి వెళ్ళలేడు మేడమ్.