స్టీరియో మార్చాక టెయిల్ ల్యాంపులు వెలగట్లేదు, ఫ్యూజు పెడితే మళ్లీ పోతోంది

ప్రశ్న (ఖమ్మం): నాన్నగారి పెట్రోల్ కారుకి మా తమ్ముడు ఆన్‌లైన్‌లో స్టీరియో తెప్పించి తనే బిగించాడు. సాకెట్ కుదరకపోతే వైర్లు కోసి టేపు చుట్టాడు. పాటలు వస్తున్నాయి, బండి స్టార్టవుతోంది. కానీ టెయిల్ ల్యాంపులు, నంబర్ ప్లేటు బల్బు, మీటరు లోపలి లైటు వెలగట్లేదు. హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు బాగానే ఉన్నాయి. 'టెయిల్' అని రాసి ఉన్న 10 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. కొత్తది పెట్టి లైట్ల స్విచ్ తిప్పగానే అదీ పోయింది. బ్యాటరీ దెబ్బతిందంటారా? నాన్నకి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు (నల్గొండ): 20ది పెట్టి చూడండి, ఆగుతుంది. మా బండి అలాగే నడుస్తోంది.

జవాబు (విజయవాడ ఆటోనగర్): ఆ పని మాత్రం చెయ్యకండి. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. ఎర్రది 10, పసుపుది 20. ఆ సన్నటి లైనుకి 20 పెడితే ఫ్యూజు కంటే ముందు వైరు తొడుగు కరుగుతుంది. ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి తిరిగేవాళ్లూ ఉన్నారు. అలాంటి బళ్ల డ్యాష్‌బోర్డు విప్పితే వైరింగంతా కరిగి ముద్దయి ఉంటుంది.

సెల్ఫ్ కొడుతోందిగా, బ్యాటరీకేం కాలేదు. నా అనుమానం ఇల్యుమినేషన్ వైరు మీద. రాత్రిపూట స్టీరియో బటన్లు వెలగడానికి పార్కింగ్ లైట్ల లైను నుంచి వచ్చే వైరు అది. బయట కొనే స్టీరియోల్లో మామూలుగా నారింజ రంగులో ఉంటుంది. పసుపు నేరుగా బ్యాటరీది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, అంటే బండి రేకుకి కలిసే నెగెటివ్. కారు వైపు రంగులు మాత్రం కంపెనీకో రకం. ఆ లైను ఎర్త్‌కి కలిసినా, కోసిన కొస రేకుకి తగిలినా స్విచ్ వేసిన క్షణమే ఫ్యూజు పోతుంది.

ఇంక ఫ్యూజులు తగలెయ్యకండి. బ్రేక్ లైటుకి వాడే 21 వాట్ల బల్బు హోల్డరుతో సహా తెచ్చి, దాని రెండు వైర్లనీ టెయిల్ ఫ్యూజు కాళ్లు దూరే చోట పెట్టండి. రేడియో ఫ్యూజు తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు స్విచ్ వేస్తే బల్బు నిండుగా వెలుగుతుంది, అంటే షార్ట్ ఉందన్నమాట. ఆ బల్బు గుండా రెండు ఆంపియర్లలోపే పారుతుంది కాబట్టి ఏదీ కాలదు. అది వెలుగుతుండగానే స్టీరియో బయటికి లాగి ఒక్కో జాయింటూ కదపండి. ఎక్కడ చెయ్యి పెడితే బల్బు మసకబారి, టెయిల్ ల్యాంపులు కాస్త ఎర్రగా కనిపిస్తాయో అదే దొంగ.

స్టీరింగు కింద పసుపు తొడుగులో వచ్చే వైర్లు, పసుపు సాకెట్లు ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి పోవద్దు.

ప్రశ్న (ఖమ్మం): దొరికింది అన్నా! స్టీరియో బిగించే రేకు కింద ఎరుపు-ఆకుపచ్చ వైరు కొస టేపు ఊడి నలిగిపోయి ఉంది. పైకెత్తగానే బల్బు డల్ అయింది, వెనకనుంచి తమ్ముడు "వచ్చాయ్" అని అరిచాడు. ఇక ఫ్యూజు పెట్టెయ్యొచ్చా?

జవాబు (విజయవాడ ఆటోనగర్): ఆగండి. ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పండి. ఆ కొసని స్టీరియో నారింజ వైరుకి కలిపి సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవు (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) వెయ్యండి. ఉత్త టేపు వద్దు, మన ఎండలకి జిగురు కారి జారిపోతుంది. అప్పుడు 10దే పెట్టండి. తాళం తీశాక స్టీరియో ఆగుతోందా?

ప్రశ్న (ఖమ్మం): లేదు, వెలుగుతూనే ఉంటుంది. అదో ఫీచర్ అన్నాడు తమ్ముడు!

జవాబు (విజయవాడ ఆటోనగర్): ఫీచరూ కాదు, పాడూ కాదు. పసుపు, ఎరుపు రెండూ కలిపేసి ఉంటాడు. అలా వదిలేస్తే బ్యాటరీ దిగిపోయి ఏదో ఒక పొద్దున సెల్ఫ్ అందదు. ఎరుపుని విడదీసి, తాళం తిప్పినప్పుడే 12 వోల్టులొచ్చే లైను మల్టీమీటరుతో వెతికి దానికి కలపండి.