ఆగస్టులో ఒసాకా ట్రిప్, ఓబోన్ టైంలో అమ్మని తీసుకెళ్ళొచ్చా?

పటమట కుర్రాడు:
మాది విజయవాడ అండి. అక్కావాళ్ళు ఒసాకాలో ఉంటారు, ఆగస్టు 10 కల్లా రమ్మంటున్నారు, అమ్మకి వీసా కూడా వచ్చేసింది. తీరా ఇప్పుడు ఆ వారం అక్కడ ఓబోన్ అని పోయిన పెద్దల పండగ అని తెలిసింది, అప్పట్నుంచి అమ్మ మహాలయ పక్షాల్లో ఎవరన్నా చుట్టపుచూపుగా వెళ్తారా, డేట్ మార్చు అని ఒకటే పట్టు. నాన్న పోయి ఏడాదే అయ్యింది, గట్టిగా చెప్పలేకపోతున్నా. నిజంగా అక్కడ అంత పట్టింపు ఉంటుందా?

బ్రాడీపేట:
అస్సలు మార్చొద్దు తమ్ముడూ. నేను క్యోటోలో ఉద్యోగం చేసి గుంటూరు వచ్చేశా, నాకు అక్కడ బాగా నచ్చిన పండగ అదే. 13న సాయంత్రం చిన్న మంట వేసి పెద్దల్ని ఇంటికి పిలుస్తారు, 16న మళ్ళీ మంట వేసి సాగనంపుతారు, మధ్యలో వాళ్ళు ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. కొన్నిచోట్ల కీరదోసకాయకీ వంకాయకీ పుల్లలు గుచ్చి కాళ్ళు పెడతారు, కీరా గుర్రం, పెద్దలు గబగబా వచ్చేయాలని, వంకాయ ఆవు, వెళ్ళేటప్పుడు నిదానంగా వెళ్ళాలని. ఎంత ప్రేమ ఉంటే అలా అనుకుంటారు చెప్పు! రాత్రిళ్ళు బోన్ ఒదోరి అని డాన్స్ ఉంటుంది, మధ్యలో మంచె కట్టి డోలు వాయిస్తుంటే ముసలీ ముతకా పిల్లలూ అందరూ చుట్టూ తిరుగుతూ ఆడతారు, బయటివాళ్ళు కలిసినా ఏమనరు. అమ్మగార్ని కూడా కలవమను.

గుణదల:
పట్టింపు సంగతి సరే, ముందు ట్రైన్ టికెట్లు చూస్కోండి. అందరూ సొంతూళ్ళకి పోతారు, సంక్రాంతికి మన బస్టాండ్ ఎలా ఉంటుందో అలా. ఆ రోజుల్లో నొజోమి బుల్లెట్ ట్రైన్‌లో అన్నీ రిజర్వ్‌డ్ సీట్లే, ఎక్కి చూద్దాంలే అంటే కుదరదు. టోక్యోలో మాత్రం చాలాచోట్ల జులైలోనే చేసేస్తారు, 1873లో క్యాలెండర్ మారినప్పట్నుంచి ఊరికో లెక్క.

పటమట కుర్రాడు:
అమ్మకి చదివి వినిపించా అన్నా. వంకాయ ఆవు దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. 16న సాగనంపేది ఎక్కడన్నా చూడొచ్చా అని అడుగుతోంది.

బ్రాడీపేట:
క్యోటో తీసుకెళ్ళు. రాత్రి 8 నుంచి ఊరి చుట్టూ అయిదు కొండల మీద వరసగా మంటలు వెలిగిస్తారు, అక్షరాలు, పడవ, గుడి తోరణద్వారం ఆకారాల్లో. ఒసాకాలో యొదొయబాషి దగ్గర కేహాన్ రైలెక్కితే దెమాచియనాగిలో దిగొచ్చు, కామో నది గట్టు మీంచి దైమోంజి కొండ ఎదురుగా కనపడుద్ది. అరగంటలో ఆరిపోతాయి, జనం కూడా విపరీతం, అమ్మగారు కూర్చోడానికి ఏదన్నా పట్టుకుని పెందలాడే వెళ్ళండి.