కంట్రోల్ సీ కొట్టినా ఒక్కోసారి రీడ్‌లోనే ఇరుక్కుంటాంది, సిస్‌కాల్‌కి (కెర్నల్‌ని పని అడిగే పిలుపు) సరిగ్గా ముందర సిగ్నల్ వస్తే ఎట్ల?

పాలక్యాను_తిరుపతి:
అన్నలారా ఒక డౌట్. చిత్తూరు దగ్గర మా మామకి పాల సెంటర్ ఉంది, అక్కడి కాటాని సీరియల్ కేబుల్‌తో పాత ల్యాప్‌టాప్‌కి తగిలించి తూకం ఫైల్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్ అసెంబ్లీలో రాసినా. 64 బిట్ లినక్స్, లిబ్‌సీ (సీ భాష లైబ్రరీ) లేదు, సరదాకే రాసినా, తిట్టొద్దండి. సిగింట్ (కంట్రోల్ సీ కొడితే వచ్చే సిగ్నల్) రాగానే నడిచే హ్యాండ్లర్ ఒక బైట్‌ని 1 చేస్తాది అంతే, లూప్‌లో ఆ బైట్ చూసి సున్నా అయితే రీడ్‌కి పోతా, లేకుంటే ఫైల్ మూసేసి బయటికొస్తా. మొదట ఎస్ఏ_రీస్టార్ట్ ఫ్లాగ్ ఉండె కాబట్టి కంట్రోల్ సీ కొట్టినా కెర్నల్ మళ్ళా రీడ్‌లోకే తోసేస్తా ఉండె, అది పీకేసినంక ఆర్‌ఏఎక్స్‌లో (సిస్‌కాల్ జవాబు వచ్చే రిజిస్టర్) మైనస్ 4, అంటే సిగ్నల్ వల్ల మధ్యలో ఆగిందనే ఎర్రర్ వచ్చి ఆగతాంది. కానీ ఎప్పుడో ఒకసారి ఆగదు, ఇంకో క్యాను కాటా మీద పెట్టేదాకా అట్లే కూర్చోనుంటాది. రాత్రంతా స్క్రిప్ట్‌తో కిల్ కొట్టిస్తే తెల్లారేలోపల ఒక చోట బిగుసుకునింది. యాడ తప్పు చేసినా?

సీరియల్_సుబ్బు:
సీరియల్ పోర్టే కదా తమ్ముడూ, టర్మియోస్‌లో (పోర్ట్ సెట్టింగులు) వీమిన్ 0, వీటైమ్ 10 పెట్టేయ్. డేటా లేకపోయినా సెకనుకోసారి రీడ్ సున్నాతో బయటికొస్తాది, అప్పుడు బైట్ చూసుకో. ఇంతకంటే తలనొప్పి ఎందుకు.

రిజిస్టర్_రాయుడు:
సుబ్బు చెప్పింది పాల సెంటర్‌కి చాలు గానీ జబ్బు అట్లే ఉంటాది. బైట్ సున్నా అని చూసినావు, సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ ఇంకా రన్ కాలేదు, ఆ మధ్యలో సిగ్నల్ వచ్చి హ్యాండ్లర్ పనిచేసి వెళ్ళిపోయింది, ఆ తర్వాత నువ్వు రీడ్‌లోకి పోయి పడుకున్నావు. బస్టాండ్‌లో కొండ బస్సు రాలేదులే అని కళ్ళు మూసుకునేలోపలే అది హారన్ కొట్టి పోయినట్టు. మైనస్ 4 ఎందుకు రాలేదంటే కెర్నల్ లోపల నిద్రపోతున్నప్పుడు వచ్చిన సిగ్నల్‌కే అది వస్తాది.

ఆర్‌టీ_సిగ్‌ప్రాక్‌మాస్క్‌తో (సిస్‌కాల్ నంబర్ 14) సిగింట్‌ని బ్లాక్ చేసి పెట్టు, బైట్ చూడు, రీడ్ బదులు పీపోల్ (271, డేటా వచ్చేదాకా కాచుకునే సిస్‌కాల్) పిలువు, దానికి ఖాళీ మాస్క్ (ఏ సిగ్నల్‌నీ బ్లాక్ చేయని జాబితా) ఇయ్యి. మాస్క్ మార్చడం, నిద్రపోవడం రెండూ కెర్నల్ ఒకే దెబ్బలో చేస్తాది, నీకు సందే ఉండదు. డేటా ఉందంటేనే రీడ్‌కి పో.

పాలక్యాను_తిరుపతి:
అర్థమైంది అన్నా. మాస్క్ ఏమీ మార్చకుండా, హ్యాండ్లర్ లోపలే ఆ సందులో ఉన్నామా అని కనుక్కోలేమా? అసెంబ్లీలో రాసినందుకు ఏదో ఒక లాభం ఉండాల కదా 😅

రిజిస్టర్_రాయుడు:
ఉంది! మసల్ అనే లిబ్‌సీలో థ్రెడ్ క్యాన్సిల్‌కి ఇదే చేస్తారు. బైట్ చూసే చోట ఒక లేబుల్, సిస్‌కాల్ అయిపోయిన వెంటనే ఇంకో లేబుల్ పెట్టు. హ్యాండ్లర్‌ని ఎస్ఏ_సిగ్ఇన్ఫోతో పెడితే ఆర్‌డీఎక్స్‌లో యూకాంటెక్స్ట్ (సిగ్నల్ వచ్చినప్పటి రిజిస్టర్లు దాచిన చోటు) అడ్రస్ వస్తాది, దాంట్లో 168వ బైట్ దగ్గర ఆగిపోయిన చోటి ఆర్‌ఐపీ (తర్వాత రన్ కావాల్సిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) ఉంటాది. అది మొదటి లేబుల్ నుంచి సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ దాకా ఎక్కడున్నా అక్కడే దాన్ని బయటికి పోయే లేబుల్‌కి మార్చేయ్. రెండో లేబుల్‌కి చేరిపోయుంటే మాత్రం తాకొద్దు, రీడ్ అప్పటికే తూకం తెచ్చేసుండొచ్చు, మారిస్తే ఆ లైన్ గల్లంతు, మీ మామ నిన్ను తంతాడు. నాకు బాగా నచ్చేది ఏందంటే, ఎస్ఏ_రీస్టార్ట్ ఉన్నా ఇది పనిచేస్తాది, ఎందుకంటే రీస్టార్ట్ చేయాలంటే కెర్నల్ ఆర్‌ఐపీని రెండు బైట్లు వెనక్కి జరుపుతాది, సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ సైజే రెండు బైట్లు, అంటే మళ్ళా నీ సందులోకే వచ్చి పడతాది.

రిస్టోరర్ (హ్యాండ్లర్ అయిపోయినంక పాత చోటికి తిరిగి పంపే కోడ్) మర్చిపోవద్దు, ఎస్ఏ_రిస్టోరర్ లేకుంటే సిగ్నల్ రాగానే సెగ్‌ఫాల్ట్. రిస్టోరర్‌లో ఆర్‌ఏఎక్స్‌కి 15 పెట్టి సిస్‌కాల్, అంతే. హ్యాండ్లర్‌లో రిజిస్టర్లు పుష్ చేసి దాచక్కర్లేదు, అలిపిరిలో ఇచ్చిన లగేజీ కొండ మీద తీసుకున్నట్టు అన్నీ తిరిగొస్తాయి.

పాలక్యాను_తిరుపతి:
రెండూ చేసి చూసినా. పీపోల్ మొదట మైనస్ 14 (తప్పు అడ్రస్ అనే ఎర్రర్) ఇచ్చింది, గంటసేపు కొట్టుకున్నా. చూస్తే ఆర్10లో మాస్క్ అడ్రస్ పెట్టేదే మర్చిపోయినా, ముందర సిగ్‌ప్రాక్‌మాస్క్‌కి సైజ్ అని పెట్టిన 8 అట్లే ఉండాది, కెర్నల్ పాపం 8వ అడ్రస్‌లో మాస్క్ వెతుక్కునింది. ఇప్పుడు లేబుల్ పద్ధతి ఉంచినా, రెండు రాత్రులు స్క్రిప్ట్ నడిచింది, ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. మామ మాత్రం ప్లగ్ పీకేసే ఆపుతాండాడు.