కట్టెల బాయిలర్: లోపల తారు, తెల్లారేసరికి ఇల్లంతా చలి

ప్రశ్న: జర్మనీలో, బవేరియాలోని ఒక పల్లెలో పాత ఇల్లు కొనుక్కున్నాం. హీటింగ్ అంతా కట్టెల బాయిలర్ మీదే. 20 కిలోవాట్లది, కట్టెలు పేర్చే అర 100 లీటర్లు, పక్కన 500 లీటర్ల వేడినీళ్ల ట్యాంకు. నిండా వేస్తే రెండు మూడు గంటలకే ట్యాంకు పైదాకా కాగిపోతోంది. అందుకని గాలి తగ్గించి సన్నగా మండనిస్తున్నాం. అయినా తెల్లారేసరికి ఇల్లు చల్లబడుతోంది, బాయిలర్ లోపల నల్లగా తారు పట్టేస్తోంది. చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. కొత్తది కొనాలా అండీ?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇబ్బంది ట్యాంకుతోనే. ఆ అరలో సుమారు 30 కిలోల బీచ్ (beech అనే చెట్టు) కట్టె పడుతుంది. ఆరిన కట్టె కిలోకు 4 యూనిట్ల వేడి, అంటే 120 యూనిట్లు. మీ 500 లీటర్ల నీళ్లు 35 డిగ్రీల నుంచి 85కి చేరేసరికి దాచుకోగలిగేది 29 యూనిట్లే. మిగతా వేడి ఎక్కడికి పోవాలి? గాలి తగ్గిస్తే కట్టెలోంచి వచ్చే వాయువు పూర్తిగా మండదు, అదే తారుగా అంటుకుంటుంది. ఈ రకం బాయిలర్‌ను ఎప్పుడూ అణచకూడదు. గట్టిగా మండనిచ్చి, వేడిని నీళ్లలో దాచుకుని, మంట ఆరిపోయాక రాత్రంతా వాడుకోవాలి.

జర్మనీ నిబంధనల్లో కూడా కట్టెలు పేర్చే అరలో ప్రతి ఒక్క లీటరుకూ 12 లీటర్ల ట్యాంకు, కనీసం కిలోవాట్‌కు 55 లీటర్లు అని ఉంది. మీ లెక్కకు 1200 లీటర్లు. చోటుంటే 2000 పెట్టించండి, చలికాలంలో ఆ తేడా మీకే తెలుస్తుంది.

మరొకరి జవాబు: కట్టె తేమ కూడా చూడండి. మీటరును పైన గుచ్చితే లాభం లేదు. మొద్దును అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద పెట్టాలి, 25 శాతం లోపు చూపించాలి. బీచ్ అయితే చీల్చి, పైకప్పు వేసి, పక్కల గాలి ఆడేలా రెండు వేసవులు ఆరబెట్టాలి. ఇంకోటి, రేడియేటర్ల నుంచి బాయిలర్‌కు తిరిగొచ్చే నీళ్లు 60 డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గితే పొగలోని తేమ లోపలి ఇనుము మీద నీరుగా దిగి తుప్పు పడుతుంది. వేడినీళ్లు కలిపే వాల్వ్ ఉందో లేదో ప్లంబర్‌ను అడగండి.

అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. మాకు నీళ్లు సొంత బావి నుంచి మోటారుతో వస్తాయి. మంట మండుతుండగా కరెంటు పోతే?

జవాబు: ఇది అడగడం చాలా మంచిదైంది. బాయిలర్ మరీ వేడెక్కితే 95 డిగ్రీల దగ్గర ఒక సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని చన్నీళ్లతో చల్లబరుస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు కానీ నీళ్ల ప్రెషర్ కావాలి. కరెంటు పోతే మీ మోటారూ ఆగుతుంది, ఆ వాల్వ్‌కు నీళ్లే అందవు. ఊరి పంపు లైన్ గానీ, ఎత్తు మీద ట్యాంకు గానీ దానికి కలపొచ్చా అని ప్లంబర్‌తో తేల్చుకోండి. పెద్ద వేడినీళ్ల ట్యాంకు కంటే ముందు ఈ పని. ఈ వారమే షోర్న్‌స్టైన్‌ఫేగర్‌ను (పొగగొట్టాలు శుభ్రం చేసే నిపుణుణ్ణి) పిలిచి పొగగొట్టంలో తారు ఎంత ఉందో చూపించండి, ఆ తారుకు నిప్పంటుకుంటే ఇంటికే ప్రమాదం. పిల్లలు పడుకునే గదిలోనూ బాయిలర్ గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి.